దగ్గు వినబడిన ఇంట్లో ముందు చీర ఉయ్యాల కోసం చూడండి

విశాఖపట్నంలో జ్ఞానాపురం నుంచి కంచరపాలెం దాకా ఉన్న సందుల్లో నేను ఏ.ఎన్.ఎం.గా, అంటే ఇంటింటికీ తిరిగే ప్రభుత్వ ఆరోగ్య కార్యకర్తగా, 30 ఏళ్లకు పైగా తిరిగాను. రిటైరయ్యాక కూడా వార్డు సచివాలయాల్లో పనిచేసే అమ్మాయిలు ఫోన్ చేస్తూనే ఉంటారు. మొన్న ఒకమ్మాయి చేసింది. "మేడం, ఒకే సందులో నలుగురు పిల్లలు దగ్గుతున్నారండి. రెండు వారాలు దాటింది. ఇంట్లోవాళ్లు పోర్టు దుమ్ము అంటున్నారు. నాకేమో కోరింత దగ్గేమోనని టెన్షన్‌గా ఉంది. ఎక్కడ మొదలుపెట్టమంటారు?"

ఆ అమ్మాయికి గంటసేపు ఫోన్లో చెప్పిందే ఇప్పుడు ఇక్కడ రాస్తున్నాను. సచివాలయంలో, అంగన్‌వాడీలో పనిచేసేవాళ్లకీ, ఆశా కార్యకర్తలకీ, ఇంట్లో చంటిబిడ్డ ఉన్న ప్రతి తల్లికీ పనికొస్తుంది.

ముందు ఆ పోర్టు దుమ్ము సంగతి. మా వైపు తెల్లారి గచ్చు తుడిస్తే గుడ్డ నల్లగా వస్తుంది. బొగ్గు పొడి ఊపిరితిత్తులకు మంచిది కాదు, అందులో సందేహం లేదు. కానీ ప్రతి దగ్గునీ దుమ్ము మీదికి నెట్టేయడం అలవాటైపోయి అసలు జబ్బు చేతికి చిక్కకుండా పోతోంది. ఈ రెండింటినీ విడదీయడానికి నేను నేర్చుకున్న పద్ధతి తేదీలు అడగడం. ఎవరికి ఏ రోజున దగ్గు మొదలైందో రాసుకోండి. దుమ్ము పడనివాళ్లకు ఇంచుమించు అందరికీ ఒకేసారి గొంతు పట్టేస్తుంది, గాలి మారితే సర్దుకుంటుంది. కోరింత దగ్గు అలా రాదు. పెద్ద పిల్లాడికి వచ్చిన వారం పది రోజులకు చెల్లెలికి, ఆ తర్వాత ఇంకో వారానికి పక్కింటి పిల్లకు, ఈలోగా తల్లికి, ఇలా ఒకరి వెనక ఒకరికి వస్తుంది. తేదీలు అడిగితే తల్లులు చెప్పలేరు. "సుబ్బారాయుడి షష్ఠికి ఉందా? స్కూల్లో పరీక్షలప్పుడు ఉందా?" అని అడగండి, ఠక్కున చెప్తారు.

లక్షణాలు మీకు శిక్షణలో చెప్పే ఉంటారు. మొదటి వారం, రెండు వారాలు మామూలు జలుబులాగే ఉంటుంది. ముక్కు కారడం, కాస్త ఒళ్లు వెచ్చబడటం, చిన్న దగ్గు. ఎక్కువగా అంటించేది ఈ రోజుల్లోనే, ఎవరికీ అనుమానం రానిది కూడా ఈ రోజుల్లోనే. ఆ తర్వాత తెరలు తెరలుగా దగ్గు మొదలవుతుంది. ఒక తెర ఎలా ఉంటుందో ఒక్కసారి దగ్గరగా చూస్తే జీవితంలో మర్చిపోరు. ఆడుకుంటున్న పిల్ల ఉన్నట్టుండి ఆగిపోతుంది. ఏదో రాబోతోందని దానికి ముందే తెలిసినట్టు తల్లి కొంగు పట్టుకుంటుంది. ఊపిరి తీసుకునే సందు లేకుండా పది, పదిహేను దగ్గులు వరసగా వస్తాయి. మొహం ఎర్రబడి, తర్వాత కమిలిపోతుంది. నాలుక బయటికొస్తుంది, కళ్లు ఉబుకుతాయి. ఇక ఊపిరి ఆగిపోయిందేమో అనుకునేలోపు గాలి లోపలికి పీల్చుకుంటూ 'హూప్' మని ఒక కూత పెడుతుంది. వెంటనే తిన్నదంతా వాంతి. ఐదు నిమిషాలు గడిచేసరికి ఏమీ జరగనట్టు మళ్లీ ఆటలో పడుతుంది. ఈ తెరలు రాత్రిపూట ఎక్కువ. కొందరికి కంటి తెల్లగుడ్డులో రక్తపు మచ్చ కూడా కనిపిస్తుంది.

కూత వినబడకపోతే కోరింత దగ్గు కాదనుకోవద్దు. టీకాలు పడిన పిల్లలకు, పెద్దవాళ్లకు చాలాసార్లు కూత ఉండదు. రెండు వారాలు దాటిన దగ్గు ఉండి, దానితోపాటు తెరలు తెరలుగా రావడమో, కూతో, దగ్గాక వాంతో ఏ ఒక్కటి ఉన్నా అనుమానిత కేసుగా రాసేయాలి. ఏడాదిలోపు బిడ్డకైతే దగ్గు ఎన్ని రోజులనే లెక్క కూడా చూడొద్దు.

ఇక అసలు విషయానికి వస్తాను.

ఉద్యోగంలో చేరిన కొత్తలో కాదు, అన్నీ తెలుసని నేను అనుకుంటున్న రోజుల్లో జరిగింది ఇది. మూడో తరగతి చదివే ఒక పిల్లాడు దగ్గుతున్నాడని వాళ్లింటికి వెళ్లాను. పేరు, వయసు, టీకా కార్డు వివరాలన్నీ రాసుకున్నాను. లోపలి గదిలో దూలానికి చీర ఉయ్యాల కట్టి ఉంది. అందులో 40 రోజుల పాప. "పాప ఎలా ఉందమ్మా?" అన్నాను. "బాగానే ఉందండి, కాస్త ముక్కు కారతంది, అంతే" అంది తల్లి. "జలుబేలే, పాలు ఇస్తుండు" అని చెప్పి గుమ్మం దిగిపోయాను. మూడో రాత్రి ఆ పాప నిద్రలో ఊపిరి తీసుకోవడం మానేసింది. పెదాలు నీలంగా మారాయి. పక్కనే పడుకున్న అమ్మమ్మకు మెలకువ రాబట్టి సరిపోయింది. ఆమె పాపను ఎత్తుకుని అరికాళ్ల మీద గట్టిగా తట్టింది. ఊపిరి తిరిగొచ్చింది. ఆసుపత్రిలో 12 రోజులు ఉంచారు. బిడ్డ బతికింది. ఆ 12 రోజులూ నాకు అన్నం సయించలేదు. ఎందుకంటే ఆ పాప అప్పటిదాకా ఒక్కసారి కూడా దగ్గలేదు. దగ్గు కోసమే వెళ్లిన నేను, దగ్గని బిడ్డను చూడకుండా వచ్చేశాను.

ఆ రోజు నుంచి నాది ఒకటే పద్ధతి. దగ్గు అని ఎవరైనా చెప్పిన ఇంటికి వెళ్తే దగ్గుతున్నవాళ్లను తర్వాత చూస్తాను. ముందు ఆ ఇంట్లో చీర ఉయ్యాల ఉందా అని చూస్తాను. ఆ ఇంట్లో లేకపోతే పైవాటాలో, కిందవాటాలో, ఎదురింట్లో ఉందేమో అడుగుతాను. తొమ్మిదో నెల గర్భిణి ఉందా అని కూడా అడుగుతాను, ఆమె ఇంట్లో త్వరలోనే ఉయ్యాల కడతారు కాబట్టి. ఈ జబ్బుతో పెద్ద పిల్లలు నెలల తరబడి బాధపడతారు, కానీ ప్రాణాల మీదికి వచ్చేది ఎక్కువగా ఆరు నెలల్లోపు బిడ్డలకే. అందులోనూ మూడు నెలల్లోపువాళ్లకు మరీ ప్రమాదం. వాళ్లకు గట్టిగా దగ్గే శక్తి కూడా ఉండదు. ఊపిరి మధ్యలో ఆగిపోవడమే వాళ్లలో కనిపించే లక్షణం.

చంటిబిడ్డ ఉన్న ఇంట్లో తల్లికి నేను చెప్పేది ఇది. బిడ్డ పాలు తాగుతూ మధ్యమధ్య ఊపిరి ఆపుతోందా, పెదాలు, గోళ్లు నీలంగానో బూడిద రంగులోనో కనిపిస్తున్నాయా, ఒళ్లు వేలాడేస్తోందా, పాలు సరిగ్గా పట్టడం లేదా, ఫిట్స్ లాగా వచ్చిందా చూసుకో. వీటిలో ఏది కనిపించినా, అది నిమిషంలో తగ్గిపోయినా సరే, తెల్లారేదాకా ఆగకు. 108కి ఫోన్ చెయ్యి. "ఇప్పుడు బాగానే ఉంది కదా" అని ఆగిపోవడమే మనవాళ్లు చేసే పెద్ద పొరపాటు. ఒకసారి ఊపిరి ఆగిన బిడ్డకు మళ్లీ ఆగొచ్చు, రెండోసారి అమ్మమ్మకు మెలకువ రాకపోవచ్చు. ఈ లక్షణాలేవీ లేకపోయినా, ఆరు నెలల్లోపు బిడ్డ ఉన్న ఇంట్లో కోరింత దగ్గు అనుమానం ఉంటే ఆ బిడ్డను అదే రోజు డాక్టరుకు చూపించాలి. మనకు కె.జి.హెచ్.లో (కింగ్ జార్జ్ ఆసుపత్రిలో) పిల్లల వార్డు ఉంది. మీ ఆరోగ్య కేంద్రం డాక్టరుగారు రాసిస్తే ఆ చీటీ పట్టుకుని వెళ్లడం సులువు.

డాక్టరు దగ్గరికి వెళ్లేముందు ఒక పని చేయండి. దగ్గు తెర వచ్చినప్పుడు ఫోన్లో వీడియో తీయండి. నేను చెప్పినట్టు, తెర తగ్గాక పిల్ల మామూలుగా ఉంటుంది. ఓపీలో రెండు గంటలు కూర్చున్నంతసేపూ ఒక్క దగ్గు కూడా రాకపోవచ్చు. డాక్టరుగారు గుండెకు స్టెతస్కోప్ పెట్టి వింటే ఊపిరితిత్తులు శుభ్రంగా వినిపిస్తాయి. దగ్గు సిరప్ రాసి పంపించేస్తారు. అర నిమిషం వీడియో చూపిస్తే మీరు గంటసేపు వర్ణించక్కర్లేదు. దానితోపాటు టీకా కార్డు తీసుకెళ్లండి, ఇంట్లో ఎవరెవరికి ఎప్పటి నుంచి దగ్గు ఉందో ఒక కాగితం మీద రాసి పట్టుకెళ్లండి.

పరీక్ష చేయాలంటే ముక్కులోంచి సన్నని పుల్ల లోపలి దాకా పెట్టి స్వాబ్ తీస్తారు. గొంతులో తీసింది దీనికి సరిపోదు. దగ్గు మొదలైన మూడు వారాల్లోపు, వీలైతే యాంటీబయాటిక్ వేయకముందు తీస్తే ఫలితం నమ్మకంగా వస్తుంది. అందుకే అనుమానం వచ్చిన రోజే మెడికల్ ఆఫీసరుకు చెప్పమంటాను. వారాంతం రిపోర్టులో రాద్దాంలే అనుకుంటే ఆ గడువు దాటిపోతుంది. అలాగని చంటిబిడ్డకు ఫలితం వచ్చేదాకా మందు ఆపకూడదు. స్వాబ్ తీసిన వెంటనే మందు మొదలుపెడతారు.

మందు గురించి తల్లులకు ముందే చెప్పకపోతే తర్వాత మన మాట వినరు. సాధారణంగా అజిత్రోమైసిన్ ఐదు రోజులు ఇస్తారు. మోతాదు డాక్టరే బరువు చూసి రాయాలి. మెడికల్ షాపులో "మా పెద్దోడికి ఇచ్చిన సిరప్పే చిన్నదానికీ ఇవ్వండి" అని కొనడం వద్దు. నెల లోపు బిడ్డకైతే మరీ జాగ్రత్త. ఈ మందు క్రిమిని చంపుతుంది. కానీ తెరలు మొదలయ్యాక వేస్తే దగ్గు వెంటనే తగ్గదు. క్రిమి వదిలిన విషం శ్వాసనాళంలోని సన్నని నూగును అప్పటికే పాడుచేసి ఉంటుంది, అది మళ్లీ బాగుపడటానికి వారాలు పడుతుంది. దీన్ని కొన్ని దేశాల్లో వంద రోజుల దగ్గు అనేది ఇందుకే. "మరి మందెందుకండీ?" అంటారు. ఇంకొకరికి అంటకుండా ఉండటానికి. మందు మొదలుపెట్టి ఐదు రోజులు పూర్తయితే ఆ పిల్ల నుంచి ఇతరులకు అంటదు. మందు వేయకపోతే దగ్గు మొదలైన దగ్గర్నుంచి మూడు వారాలు అంటిస్తూనే ఉంటుంది. ఈ ముక్క అర్థమయ్యేలా చెప్తే, "దగ్గు తగ్గలేదు, ఈ డాక్టరు లాభం లేదు" అని నలుగురు డాక్టర్లను మార్చకుండా ఉంటారు.

ఇంట్లో ఒకరికి నిర్ధారణ అయితే ఆ ఇంట్లో మిగతావాళ్లకూ అదే మందు ముందుజాగ్రత్తగా ఇస్తారు, టీకాలు పడ్డాయా లేదా అని చూడకుండా. చంటిబిడ్డ, నెలలు నిండుతున్న గర్భిణి ఉన్న ఇంట్లో ఇది తప్పనిసరి. అందరికీ ఒకేసారి మొదలుపెట్టాలి. రోగనిరోధకత లేనివాళ్లు ఒకే ఇంట్లో ఉంటే పదిమందిలో ఎనిమిది, తొమ్మిది మందికి అంటుకునే జబ్బు ఇది.

పెద్దవాళ్ల విషయంలో ఒక మాట. ఆటో నడిపే తండ్రికి మూడు వారాలుగా దగ్గు ఉంటే బీడీ దగ్గు అని వదిలేస్తారు. ఇంటికి కోరింత దగ్గు తెచ్చింది ఆయనే కావచ్చు. చిన్నప్పుడు వేసిన టీకా బలం కొన్నేళ్లకు తగ్గిపోతుంది. ఒకసారి జబ్బు వచ్చి తగ్గినా జీవితాంతం రక్షణ ఉండదు. ఆయనను తెమడ పరీక్షకు కూడా పంపండి. మన దేశంలో రెండు వారాలు దాటిన దగ్గు ఉన్న పెద్దవాళ్లందరికీ టీబీ పరీక్ష చేయించాల్సిందే. పెదవాల్తేరులో ఛాతీ ఆసుపత్రి ఉంది, మీ దగ్గరి ఆరోగ్య కేంద్రంలో కూడా తెమడ డబ్బా ఇస్తారు.

ఇంట్లో ఎలా చూసుకోవాలి

దగ్గు తెర వచ్చినప్పుడు పిల్లను వెల్లకిలా పడుకోబెట్టొద్దు. కూర్చోబెట్టి కాస్త ముందుకు వంచి పట్టుకోండి. చంటిబిడ్డనైతే పక్కకు తిప్పి, తల కాస్త కిందికి ఉండేలా పట్టుకుంటే వాంతి ఊపిరితిత్తుల్లోకి పోదు. గొంతులో తెమడ ఉందని వేలు పెట్టి తీయకండి. భయపడి అరిస్తే పిల్ల ఏడుస్తుంది, ఏడిస్తే మళ్లీ తెర వస్తుంది. తల్లి మామూలుగా ఉండి వీపు నిమరడమే పెద్ద మందు.

తిండి దగ్గర చాలామంది తప్పు చేస్తారు. కడుపునిండా పెట్టడం, అది కాస్తా దగ్గుతో బయటికి రావడం, ఇక పెట్టడమే మానేయడం. తెర వచ్చి వాంతయ్యాక ఒక పావుగంట ఆగి పెట్టండి. అప్పుడు పెట్టింది నిలుస్తుంది. పలచటి జావ, పప్పునీళ్లతో మెత్తగా కలిపిన అన్నం, అరటిపండు కొంచెం కొంచెంగా రోజుకు ఏడెనిమిది సార్లు. కారం, వేపుడు, చల్లటివి, పొడిపొడిగా ఉండి గొంతుకు తగిలే జంతికల్లాంటివి వద్దు. తల్లిపాలు ఎట్టి పరిస్థితుల్లోనూ ఆపకూడదు. తల్లికే దగ్గు ఉంటే మాస్క్ పెట్టుకుని పాలివ్వాలి. వారానికోసారి అంగన్‌వాడీలో బరువు తూయించండి. ఈ జబ్బులో పిల్లలు చూస్తుండగానే చిక్కిపోతారు.

మన ఇళ్లలో చంటిబిడ్డకు స్నానం చేయించి సాంబ్రాణి వేస్తాం. నాకూ మా అమ్మ వేసింది, నేను నా పిల్లలకూ వేశాను. ఆ వాసన ఎంత బాగుంటుందో నాకు తెలుసు. కానీ దగ్గు ఉన్న ఇంట్లో ఆ పొగ బిడ్డకు శత్రువు. ఒక ఇంట్లో నా కళ్ల ముందే, ధూపం మీద బుట్ట బోర్లించి దాని పైన పిల్ల జుట్టు ఆరబెడుతుంటే తెర మొదలైంది, ఆగడానికి రెండు నిమిషాలు పట్టింది. జబ్బు తగ్గేదాకా సాంబ్రాణి, అగరుబత్తి, దోమల చుట్ట, బీడీ, కట్టెల పొయ్యి పొగ ఏదీ బిడ్డ ఉన్న గదిలోకి రాకూడదు. దోమలకు దోమతెర కట్టండి. పెద్దావిడలు నొచ్చుకుంటారు, "మేం పెంచలేదేటి?" అంటారు. వాళ్లతో వాదించకండి. "నలభై రోజులే మామ్మగారూ, తగ్గాక మీరే వేద్దురుగాని" అంటే ఒప్పుకుంటారు.

ఏడాదిలోపు బిడ్డకు తేనె నాకించొద్దు. వస అరగదీసి పోయొద్దు. మెడికల్ షాపు దగ్గు సిరప్పులు ఈ దగ్గును ఆపలేవు, చిన్నపిల్లలకు అవి మత్తు తెచ్చి ఊపిరిని ఇంకా మందగింపజేయొచ్చు. ఆవిరి పట్టించబోయి మరుగునీళ్లు మీద పడి కాలిన పిల్లలను నేను చూశాను, అది కూడా వద్దు.

ఒకే గది ఇల్లయితే ఏం చేయాలని అడుగుతారు. దగ్గే పిల్లాడిని కిటికీ వైపు, ఉయ్యాలను ఆ చివర పెట్టండి, కిటికీ తలుపులు తెరిచి ఉంచండి. పిల్లాడు మాస్క్ పెట్టుకోగలిగితే పెట్టండి. వాడు ఉయ్యాల ఊపకూడదు, చెల్లిని ముద్దు పెట్టుకోకూడదు. ఐదు రోజులు మందు పూర్తయ్యేదాకే ఈ కష్టం. ఇంట్లో జబ్బు ఉందని పిల్లలను విజయనగరం, శ్రీకాకుళంలో ఉన్న అమ్మమ్మగారింటికి పంపించకండి. అక్కడ ఇంకో ఉయ్యాల ఉంటుంది.

కాలనీలో చేయాల్సింది

సచివాలయంలో ఉన్న అమ్మాయిలకు: ఒక నోట్‌బుక్ పేజీ తీసుకుని నిలువు గీతలు గీయండి. ఇంటి నంబరు, పేరు, వయసు, దగ్గు మొదలైన తేదీ, డీపీటీ (కోరింత దగ్గుకు రక్షణ ఇచ్చే టీకా) ఉన్న సూదుల్లో చివరిది ఎప్పుడు పడింది, ఇంట్లో ఏడాదిలోపు బిడ్డ ఉందా, గర్భిణి ఉందా, మందు మొదలైన తేదీ. ఆఖరి మూడు గడులే ఎక్కువగా ఖాళీగా మిగిలిపోతాయి, నిజానికి వాటి కోసమే మిగతావన్నీ. అదే రోజు మెడికల్ ఆఫీసరుకు చూపించండి, జబ్బుల లెక్క నమోదు చేసే ప్రభుత్వ ఐ.హెచ్.ఐ.పి. పోర్టల్‌లో ఎక్కించండి. జిల్లా ఇమ్యునైజేషన్ ఆఫీసరు దాకా విషయం వెళ్తేనే స్వాబ్ కిట్లు, అదనపు టీకాలు వస్తాయి. "మన వార్డు పేరు చెడిపోతుంది, పై వాళ్లు అడుగుతారు" అని దాచిపెట్టే చోట్లు ఉన్నాయి. అలా దాచిన పది రోజుల్లో జబ్బు ఇంకో పది ఇళ్లకు పాకుతుంది.

స్కూలు హెడ్మాస్టరుకు, అంగన్‌వాడీ టీచరుకు, సాయంత్రం ట్యూషన్ చెప్పే వాళ్లకు మీరే వెళ్లి చెప్పండి. ట్యూషన్లను అందరూ మర్చిపోతారు. చిన్న గదిలో 20 మంది పిల్లలు మోకాళ్లు తగిలేలా కూర్చుంటారు. స్కూలు మూయక్కర్లేదు. దగ్గే పిల్లలు మందు ఐదు రోజులు పూర్తయ్యేదాకా ఇంట్లో ఉంటే చాలు. ఆ తర్వాత దగ్గు మిగిలి ఉన్నా బడికి రానివ్వమని గట్టిగా చెప్పండి. లేకపోతే పాపం ఆ పిల్లలను రెండు నెలలు వెలివేసినట్టు చూస్తారు.

చంటిబిడ్డలను ఈ రోజుల్లో జనంలోకి తీసుకెళ్లొద్దని చెప్పండి. మన ఊళ్లో పుట్టిన బిడ్డను బురుజుపేటలో కనకమహాలక్ష్మి అమ్మవారి పాదాల దగ్గర పడుకోబెట్టడం ఆనవాయితీ. నా ఇద్దరు పిల్లలనూ పడుకోబెట్టాను. మార్గశిర మాసం గురువారాల్లో అక్కడ ఇసకేస్తే రాలదు. జబ్బు తిరుగుతున్నప్పుడు ఆ రద్దీలో గంటల తరబడి వరసలో నిలబడటం కంటే, బిడ్డకు సూదులు పడ్డాక, జనం తక్కువ ఉన్న రోజున వెళ్లమనండి. అమ్మవారు తల్లే కదా, ఆలస్యమైందని కోప్పడదు.

ఇక సూదులు. తల్లులకు పెంటావాలెంట్ అంటే తెలియదు. ఒకటిన్నర నెల సూది, రెండున్నర నెల సూది, మూడున్నర నెల సూది అంటే తెలుస్తుంది. కోరింత దగ్గుకు రక్షణ అందులోనే ఉంది. ఆ తర్వాత 16 నుంచి 24 నెలల మధ్య డీపీటీ బూస్టరు, 5 ఏళ్లు నిండాక ఇంకోటి. కాలనీలో దగ్గు తిరుగుతున్నప్పుడు ఒకటిన్నర నెల సూదిని ఒక్క రోజు కూడా వాయిదా వేయకూడదు. మూడూ పడితేనే పూర్తి రక్షణ, అయినా మొదటిది పడిన బిడ్డకు కూడా ప్రాణాపాయం కొంత తగ్గుతుంది. బుధవారం, శనివారం టీకాలు వేస్తారు, ఉచితంగా. మీది ఏ ఊరైనా, కార్డు ఎక్కడిదైనా వేయాల్సిందే.

సూదులు తప్పిపోయే పిల్లలు ఎవరో నాకు 30 ఏళ్ల అనుభవంలో తెలిసింది. కాన్పుకు పుట్టింటికి వెళ్లిన అమ్మాయికి అక్కడ ఒకటిన్నర నెల సూది పడుతుంది. మూడో నెలలోనో ఐదో నెలలోనో అత్తారింటికి వస్తుంది. పుట్టింటి వైపు ఏ.ఎన్.ఎం. రిజిస్టరులో పేరు ఉంటుంది, మనిషి ఉండదు. ఇక్కడి రిజిస్టరులో మనిషి ఉంటుంది, పేరు ఉండదు. రెండున్నర నెల సూది ఎవరి లెక్కలోకీ రాకుండా పోతుంది. అలాగే మధురవాడ వైపు అపార్ట్‌మెంట్లు కట్టే చోట రేకుల షెడ్లలో ఉండే కూలీల పిల్లలు. డ్యూ లిస్టు, అంటే సూది పడాల్సిన పిల్లల జాబితా, పట్టుకుని తిరిగితే వీళ్లు దొరకరు. ఉయ్యాలలు వెతుక్కుంటూ తిరిగితే దొరుకుతారు.

మధ్యలో సూది తప్పితే మళ్లీ మొదటి నుంచి వేయక్కర్లేదు, ఆగిన చోట నుంచి నాలుగు వారాల ఎడంతో కొనసాగించొచ్చు. ఏడాది దాటి ఒక్కటీ పడని పిల్లలకు 7 ఏళ్లలోపు డీపీటీ వేస్తారు. "టైమైపోయింది, తిడతారు" అని భయపడి రాని తల్లులు చాలామంది. దయచేసి ఎవరినీ తిట్టకండి. ఒక్కసారి పదిమందిలో తిట్లు తిన్న తల్లి మళ్లీ ఆ మెట్లెక్కదు.

ఏడాదిన్నర సూదికి, అంటే ఆ మొదటి డీపీటీ బూస్టరుకు, మాత్రం భయం వేరే. జ్వరం వస్తుంది, తొడ వాస్తుంది, పిల్ల ఆ కాలు మీద నిలబడదు. తండ్రి పని మానుకోవాలి. నిజమే, ఒకటి రెండు రోజులు ఉంటుంది. దాన్ని దాచకుండా ముందే చెప్పండి. పారాసిటమాల్ ఎంత వేయాలో చెప్పి చేతికిచ్చి పంపండి. తొడ మీద తడిగుడ్డ వేయమనండి, రుద్దొద్దనండి. సాయంత్రం ఒక ఫోన్ చేసి "ఎలా ఉంది పాప?" అని అడగండి. ఆ ఫోన్ వెళ్లిన ఇంటి నుంచి తర్వాతి సూదికి పిల్ల తప్పక వస్తుంది. ప్రైవేటులో నొప్పి లేని సూది అని వేస్తారు. దానికి డబ్బులు కూడేదాకా ఆగుదాం అనుకునేవాళ్లకు చెప్పండి: ప్రభుత్వం వేసేది తక్కువ రకం కాదు. జ్వరం ఎక్కువ వస్తుంది, రక్షణ మాత్రం అంతకన్నా ఎక్కువ కాలం నిలుస్తుంది.

ఒకటిన్నర నెల నిండేలోపు బిడ్డకు ఏ రక్షణా లేనట్టేనా అని అడుగుతారు. దానికి దారి తల్లి కడుపులో ఉండగానే ఉంది. గర్భిణికి 27 నుంచి 36 వారాల మధ్య టీడాప్ అనే సూది వేస్తే ఆమె ఒంట్లో తయారైన రక్షణ మాయ ద్వారా బిడ్డకు చేరుతుంది. ప్రభుత్వ కేంద్రాల్లో గర్భిణులకు వేసే టీడీ వేరు, అందులో ధనుర్వాతానికి, కంఠసర్పికి రక్షణ ఉంది గానీ కోరింత దగ్గుకు లేదు. ఈ తేడా తెలియక "నాకు సూది పడిందండీ" అని నిశ్చింతగా ఉంటారు. టీడాప్ ప్రైవేటులో కొనుక్కోవాలి. స్తోమత ఉన్నవాళ్లకు, కాలనీలో కేసులు ఉన్నప్పుడు మరీ ముఖ్యంగా, మీ డాక్టరుగారిని అడగమని చెప్పండి. ప్రతి కాన్పుకూ వేయించుకోవాలి. కొనలేనివాళ్ల ఇంట్లో చుట్టూ ఉన్న పిల్లలందరికీ సూదులు పూర్తి చేయడమే మన చేతిలో ఉన్న పని.

చివరి కేసుకు దగ్గు మొదలైన తేదీ నుంచి 42 రోజులు లెక్కపెట్టండి. ఆ 42 రోజుల్లో కొత్త కేసు రాకపోతే అప్పుడు నోట్‌బుక్ మూయొచ్చు. అప్పటిదాకా వారానికి ఒకసారి ఆ ఇళ్లన్నీ తిరగాలి. తగ్గిన పిల్లలకు కొన్ని నెలల దాకా జలుబు చేసినప్పుడల్లా పాత తెరలు మళ్లీ వస్తాయి. అది జబ్బు తిరగబెట్టడం కాదని తల్లులకు ముందే చెప్పి ఉంచండి, లేకపోతే అర్ధరాత్రి మీకే ఫోన్ వస్తుంది. వచ్చినా విసుక్కోకండి, వీడియో తీసి పంపమనండి.

మొన్న ఫోన్ చేసిన అమ్మాయి నిన్న మళ్లీ చేసింది. నలుగురు పిల్లలున్న ఆ సందులో మూడు ఉయ్యాలలు దొరికాయట. ఒకటి పైవాటాలో, అద్దెకొచ్చి పది రోజులే అయినవాళ్లది. కార్డు పార్వతీపురంలో ఉండిపోయింది, బిడ్డకు రెండు నెలలు నిండాయి, ఒక్క సూదీ పడలేదు. "బుధవారం దాకా ఆగాలా మేడం?" అంది. ఈరోజే డాక్టరుగారికి చూపించు, బుధవారం పొద్దున్నే నువ్వే వెళ్లి తీసుకురా అని చెప్పాను.